మూడు రాజ్యాల పంపూ, మా మావయ్యా

మా మావయ్యని ఊళ్ళో అందరూ చెవి మేస్త్రీ అనేవారు. తిరుగుతున్న పంపు ఒంటికి స్క్రూడ్రైవరు మొన ఆనించి, చెక్క పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు వినేవాడు. విని, "ఎడమ బేరింగు ఇంకో ఇరవై రోజులు" అనేవాడు. ఇరవయ్యో రోజున కాకపోతే ఇరవై రెండో రోజున అది పోయేది. నీళ్ళ బోర్డులో ఆయనకన్నా పెద్ద చదువులు చదివినవాళ్ళు పదకొండు మంది ఉండేవారు. వాళ్ళలో ఒక్కరి చెవికీ ఎన్నడూ గ్రీజు అంటలేదు.

నేను ఆయన అక్క కూతుర్ని. అదే బోర్డు ఆఫీసులో టైపిస్టుని. నీళ్ళు ఆయన చేతుల మీదుగా వెళ్ళేవి, ఆ నీళ్ళ గురించిన కాగితాలు నా చేతుల మీదుగా వెళ్ళేవి. అందుకని ఈ సంగతి చెప్పడానికి నాకన్నా తగినవాళ్ళు లేరనుకుంటాను.

పంపుహౌసు నది ఒడ్డున పొడవాటి ఇటుకల షెడ్డు. అందులో మూడు పంపులు వరసగా ఉండేవి.

మొదటిది పాత దొరలది. దాని పొట్ట పక్కన మనిషెత్తు ఇనప చక్రం, ఆ చక్రం మధ్యలో కిరీటం బొమ్మ. తమ బంగళాల ముందు పచ్చిక ఎండిపోకుండా, తమ గుర్రాలకి దాహం వేయకుండా దాన్ని బిగించుకున్నారు. పచ్చికా గుర్రాలూ తాగగా మిగిలింది ఊళ్ళో అయిదు కుళాయిలకి వచ్చేది. వెళ్ళిపోయేటప్పుడు ఫైళ్ళు పట్టుకుపోయారు, పటాలు పట్టుకుపోయారు, అతిథిగృహం తలుపుల ఇత్తడి పిడులు కూడా ఊడదీసుకుపోయారు. పంపు బరువెక్కువై వదిలేశారు. మరుసటి ఏడాది నుంచీ, ఆ దేశానికి నీళ్ళిచ్చింది మేమేనని తమ రేడియోలో చెప్పుకున్నారు. మావయ్య పద్దెనిమిదో ఏట దానికి నూనె పోసే పనిలో చేరాడు. నేర్చుకుందామంటే నక్షాలు ఓడెక్కిపోయాయి కాబట్టి చెవితో నేర్చుకున్నాడు.

రెండోది పడమటివాళ్ళది. బ్యాండు మేళంతో, రిబ్బనుతో, "మైత్రికి గుర్తుగా" అని చెక్కిన ఇత్తడి పలకతో వచ్చింది. మైత్రి అంటే ఏమిటో తర్వాత తెలిసింది. బోల్టులూ గాస్కెట్లూ నూనే వాళ్ళ దగ్గరే తెప్పించుకోవాలి. ప్రపంచ సభలో వాళ్ళు చెయ్యెత్తినప్పుడు మా ప్రతినిధి కూడా ఎత్తాలి. అదేమంత కష్టం కాలేదు. పాత దొరలకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేవాళ్ళం. వీళ్ళకి ఒకటి చాలట. స్వాతంత్ర్యం వస్తే శ్రమ సగం తగ్గుతుందని మా తాత అనేవాడు, అది నిజమే అయింది.

మూడోది తూర్పువాళ్ళది. ఒక ఏడాది ప్రపంచ సభలో మా ప్రతినిధి కునుకు తీస్తూ చెయ్యెత్తడం మరిచిపోయాడు. పడమటివాళ్ళు మూతి ముడుచుకున్నారు, గాస్కెట్లు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే తూర్పువాళ్ళు దిగారు. ఒప్పందం మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో "ఎటువంటి షరతులూ లేవు" అని ఉంది. దాన్ని ఏడు ప్రతులు టైపు చేసినదాన్ని నేనే కాబట్టి చివరి పేజీ కూడా చూశాను. నది సముద్రంలో కలిసేచోట ఉన్న భూశిరం, దాని మీది దీపస్తంభంతో సహా, తొంభై తొమ్మిదేళ్ళ కౌలుకి వాళ్ళది. కాగితం పట్టుకెళ్ళి మా పెద్ద ఇంజినీరుకి చూపించాను. ఆయన కాసేపు నీళ్ళు నమిలి, "అది షరతు కాదమ్మా, అనుబంధం" అన్నాడు.

పంపులతో పాటు శిక్షణ కూడా ఇచ్చారు. మావయ్య పడమటి దేశంలో ఆరు వారాలు, తూర్పు దేశంలో ఆరు వారాలు ఉండి వచ్చాడు. రెండు చోట్లా ఒక టోపీ, ఒక సర్టిఫికెట్టు చేతిలో పెట్టారు. రెండు చోట్లా అవతలివాళ్ళ పంపు మోసమని తెరమీద బొమ్మలతో సహా నేర్పారు. తిరిగొచ్చిన వారంలోనే మావయ్య రెండు పంపుల మూతలూ తీసి బేరింగులు పక్కపక్కన పెట్టి చూశాడు. రెంటి మీదా ఒకే ముద్ర. ఎక్కడో మూడో దేశంలో ఒకే ఫ్యాక్టరీలో ఒకే అచ్చులో తయారైనవి. ఆ సంగతి పెద్ద ఇంజినీరు చెవిన వేస్తే, ఇది మన స్థాయి విషయం కాదన్నాడు.

తర్వాత పన్నెండేళ్ళు మూడు పంపులూ తిరిగాయి. మావయ్య నడుముకి మూడు రకాల స్పానర్లుండేవి, ఒకరి బోల్టుకి ఇంకొకరి స్పానరు పట్టదు కాబట్టి. ఊరు పెరిగింది. అయిదు కుళాయిలు అయిదు వేలయ్యాయి. మా అత్తయ్య పెద్దాసుపత్రి లాండ్రీలో మేస్త్రమ్మ అయింది. రోజుకి నాలుగొందల దుప్పట్లు ఆవిడ తొట్లలో ఉతికేవారు.

అప్పుడు, మేమెవరమూ చూడని ఒక సముద్రపు ఇరుకులో పడమటివాళ్ళ ఓడా తూర్పువాళ్ళ ఓడా ఒకదాన్నొకటి రాసుకున్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, రంగు పోయిందంతే. ఆ రంగు కోసం ప్రపంచం రెండు ముక్కలైంది. పడమటి నుంచి ఉత్తరం వచ్చింది: తూర్పు యంత్రం ఉన్న కప్పు కింద మా యంత్రం ఉంటే విడిభాగాలు పంపం. తూర్పు నుంచి ఉత్తరం వచ్చింది: పడమటి యంత్రాన్ని నడిపేవాళ్ళ దగ్గరికి మా మనుషుల్ని పంపం. రెంటిలోనూ చివరి వాక్యం ఒకటే. మీ సార్వభౌమత్వాన్ని మేము ఎంతగానో గౌరవిస్తాము.

ఆ వేసవిలోనే పడమటి పంపుకి మోటారు కాలిపోయింది. పదకొండు రోజులు తిరక్కుండా తూర్పు పంపుకి షాఫ్టు విరిగింది. మిగిలింది పాత దొరల ముసలి పంపు. అది దగ్గుతూ మూలుగుతూ ఊరికి నాలుగు రోజులకోసారి నీళ్ళిచ్చింది. పెద్ద ఇంజినీరు రెండు దేశాలకీ వినయంగా ఉత్తరాలు రాశాడు. అవతలివాళ్ళ పంపు బయట పారేస్తే ఆలోచిస్తామని ఇద్దరూ జవాబిచ్చారు. తూర్పువాళ్ళు జవాబుతో పాటు గోడ క్యాలెండరు కూడా పంపారు. దాని నిండా జలపాతాల బొమ్మలు.

ఆసుపత్రిలో రోగుల్ని ఉతకని దుప్పట్ల మీద పడుకోబెట్టడం మొదలైంది. ఒకరోజు మధ్యాహ్నం నేను మావయ్య ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య ఆయన్ని నిలదీస్తోంది. ఒకదానికి పంపు బాగుంది, ఇంకోదానికి మోటారు బాగుంది, రెండూ ఒకే షెడ్డులో ఉన్నాయి, మరి నీళ్ళెందుకు రావని.

మావయ్య ఓపిగ్గా చెప్పాడు. బోల్టులు కలవవు. షాఫ్టుల లావు వేరు. ఎత్తులో నాలుగు వేళ్ళ తేడా. తూర్పు మోటారు ఎడమకి తిరుగుతుంది, పడమటి పంపు కుడికి తిరగాలి. పైగా పంపూ మోటారూ కలిసేచోట రెంటికీ సీళ్ళున్నాయి, విప్పితే నేరం.

"సీలు దేంతో వేశారు?" అంది అత్తయ్య.

"సీసంతో."

"సీసం కరుగుతుందిగా."

మావయ్య అన్నం ముందు కూర్చుని కంచం అంచు మీద వేలితో వృత్తాలు గీస్తూ ఉండిపోయాడు.

మర్నాడు పెద్ద ఇంజినీరు గదికి వెళ్ళాడు. రెండు యంత్రాల్నీ కలిపి ఒకటి చేస్తానన్నాడు. పెద్ద ఇంజినీరు కిటికీ వైపు తిరిగి, "నేను పదిరోజులు టూరులో ఉన్నాను" అన్నాడు. తన కుర్చీలోనే కూర్చుని అన్నాడా మాట. నేను టూరు ఉత్తర్వు టైపు చేశాను. ఆయన ఆ పదిరోజులూ మా ఆఫీసు వెనక గదిలో ఫైళ్ళ మధ్య టూరు చేశాడు.

అయితే పీఠానికీ, రెండు షాఫ్టుల్నీ కలిపే కప్లింగుకీ గట్టి ఇనుము కావాలి. ఊళ్ళో అంత ఇనుము ఉన్నది ఒక్కచోటే: పాత దొరల పంపులో. అంటే తిరుగుతున్న ఒక్కదాన్నీ కోసెయ్యాలి. కోసాక కొత్తది తిరక్కపోతే ఊరికి చుక్క లేదు. ఆ ఉదయం మావయ్య స్క్రూడ్రైవరు ఆనించి ముసలి పంపుని రెండు నిమిషాలు కాదు, పావుగంట విన్నాడు. లేచేసరికి ఆయన మొహం చూడలేకపోయాను. "ఎలాగూ రెండు నెలలేరా దీనికి" అన్నాడు. నన్ను ఆయన ముద్దుకైనా భయానికైనా 'రా' అనే పిలిచేవాడు. ఆ రోజు ముద్దుకి కాదు.

తొమ్మిది రోజులు పట్టింది. బోర్డు వర్కుషాపులో లేత్ మిషను మీద కిరీటం చుట్టూ ఉన్న ఇనుమంతా చెక్కి కప్లింగు చేశాడు. మధ్యలో కుదుపు తట్టుకోవడానికి లారీ టైరు రబ్బరు ముక్కలు పెట్టాడు. తిరిగే దిక్కు మార్చడం అన్నింటికన్నా తేలికైంది. రెండు వైర్లు అటుదిటూ ఇటుదటూ బిగిస్తే మోటారు మారుమాట లేకుండా ఎడమ నుంచి కుడికి తిరిగింది. మంత్రులకి ఆ పని చేయడానికి ఎన్నికలు కావాలి.

పదో రోజు ఉదయం ఎనిమిదింటికి స్విచ్చి వేశాడు. షెడ్డు నేల అదిరింది. మావయ్య పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. తర్వాత నేల మీద చతికిలబడి, చొక్కా అంచుతో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి. గంటలో ఊరి కుళాయిల్లో మొదట గాలి, తర్వాత తుప్పు, ఆ తర్వాత నీళ్ళు వచ్చాయి. నేను చెబుదామని పరుగున వెళితే అత్తయ్య అప్పటికే తొట్టిలో దుప్పట్లు నానేస్తోంది.

అంతటితో ఆగితే బాగుండేది. ఒక పత్రికవాడు ఫోటో తీసి అచ్చు వేశాడు. వారం తిరక్కుండా రెండు రాయబార కార్యాలయాల నుంచీ కోపం వచ్చింది. మా పంపుని శత్రువు మోటారుకి కట్టారు, మా రహస్యాలు పోతాయన్నారు పడమటివాళ్ళు. మా మోటారుతో శత్రువు పంపుని తిప్పించారు, మా పరువు పోయిందన్నారు తూర్పువాళ్ళు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ మొదటిసారి ఒక మాట మీదికి వచ్చారు. విచారణ జరగాలి, అది ముగిసేదాకా పంపు ఆగాలి.

చెరొక నిపుణుడూ వచ్చాడు. పడమటి నిపుణుడు పొడుగ్గా, రోజుకి రెండుసార్లు గడ్డం గీసుకునే మనిషి. తూర్పు నిపుణుడు పొట్టిగా, ఏది ముట్టుకున్నా చేతులు కడుక్కునే మనిషి. ఇద్దరికీ బోర్డు అతిథిగృహంలోనే, ఒకే వరండాకి ఆ చివరా ఈ చివరా గదులిచ్చాం. పంపు ఆపమని పెద్ద ఇంజినీరు నోటితో చెప్పాడు. కాగితం మీద ఇవ్వండన్నాడు మావయ్య. నేను టైపు చేశాను. ఉదయం తొమ్మిదింటికి పంపు ఆగింది.

మూడు రోజులు కొలిచారు, ఫోటోలు తీశారు, ఒకరు కొలిచింది ఇంకొకరు మళ్ళీ కొలిచారు. మోటారు పక్కనున్న నల్లపెట్టె దగ్గర పడమటి నిపుణుడు ఆగిపోయాడు. అది మాటలు వింటుందని ఆయన అనుమానం. దాన్ని తెరిస్తే మా దేశం మీద దాడి చేసినట్టేనన్నాడు తూర్పు నిపుణుడు. గంటన్నర వాదించుకున్నారు. మావయ్య విసుగొచ్చి, ఆ పెట్టె తను ఏడేళ్ళ కిందటే తెరిచాననీ, లోపల చచ్చిన బల్లి ఉందనీ చెప్పాడు. ఇద్దరూ రాసుకున్నారు. పడమటి నిపుణుడి నోటు తర్వాత నా బల్ల మీదికి వచ్చింది. "జీవసంబంధమైన పదార్థం కనుగొనబడినది" అని ఉంది.

తాగడానికి ఇద్దరికీ వాళ్ళ వాళ్ళ దేశాల నుంచి సీసాలు విమానంలో వచ్చాయి. మిగతా అవసరాలకి మాత్రం మా కుళాయిలే దిక్కు. అతిథిగృహం తువ్వాళ్ళూ దుప్పట్లూ ఆసుపత్రి లాండ్రీకే వస్తాయి. అత్తయ్య వాటిని ఉతక్కుండానే నీటుగా మడతపెట్టి, ఇస్త్రీ చేసి, పైన చీటీ గుచ్చి పంపించింది. "నీళ్ళు విచారణలో ఉన్నాయి." లాండ్రీలో ఉన్న ఏకైక అధికారి ఆవిడే కాబట్టి సంజాయిషీ అడిగేవాళ్ళు లేకపోయారు.

నాలుగో రోజు పొద్దున్నే పడమటి నిపుణుడు సగం గీసిన గడ్డంతో పంపుహౌసుకి వచ్చాడు. నేను అప్పుడు మావయ్యకి టిఫిను తెచ్చి అక్కడే ఉన్నాను. ఒక్క గంట నడపండి, మా గదుల వైపు మాత్రమే, ఎవరికీ తెలియనక్కర్లేదని అడిగాడు. మావయ్య ఆరువారాల్లో వంటబట్టిన వాళ్ళ భాషలో జవాబిచ్చి, నాకు తెలుగులో చెప్పాడు.

"మెయిన్ పైపు ఒక్కటేనన్నాను. ఆయనకి వస్తే అందరికీ వస్తుంది. దొరల గదులకి విడిగా ఒక పైపుండేది, దాన్ని ఎప్పుడో తుప్పు తినేసింది."

అయినా సరేనన్నాడాయన. అయితే సంతకం కావాలన్నాడు మావయ్య. నేను ఆఫీసుకి పరిగెత్తి టైపు చేసుకొచ్చాను. "పరీక్ష నిమిత్తం పంపును తాత్కాలికంగా నడుపుటకు మాకు అభ్యంతరము లేదు." ఆయన సంతకం పెట్టి, చుట్టూ చూసి వెళ్ళిపోయాడు. ఇంకో అరగంటకి తూర్పు నిపుణుడు రెండు చేతులూ ఒంటికి తగలకుండా దూరంగా పెట్టుకుని వచ్చాడు. ఆయన కోసం రెండో ప్రతి సిద్ధంగానే ఉంది. ఆ కాగితంలో 'ఎంతవరకు' అనే గడి నేను టైపు చేయలేదు. మావయ్య చెప్పి చేయించాడని తర్వాత అందరూ అనుకున్నారు. ఆయనకి ఆ ఆలోచనే రాలేదు. అది నా పని.

తొమ్మిదింటికి పంపు తిరిగింది. ఆ తాత్కాలిక పరీక్ష ఈనాటికీ నడుస్తోంది. ఆపాలంటే ఇద్దరూ కలిసి సంతకం పెట్టాలి, అంటే ముందు కలవాలి.

స్నానాలు చేసి నిపుణులు ఎనభై పేజీల చొప్పున నివేదికలు రాశారు. పంపు తిరుగుతోందంటే అది మా పంపు గొప్పతనమని ఒకరు, మా మోటారు గొప్పతనమని ఒకరు. షెడ్డు గోడకి రెండు కొత్త పలకలు వచ్చాయి. ఏది పైన ఉండాలో తేలక, రెంటినీ పక్కపక్కన పెట్టి, మట్టం గొట్టంతో సమానంగా ఉన్నాయో లేదో నాలుగుసార్లు చూశారు. రెంటిలోనూ మేస్త్రీ అన్న మాట లేదు.

మావయ్యకి వచ్చింది మెమో. దాని వెనక పాత దొరలున్నారు. ఇన్నేళ్ళుగా ఉత్తరం ముక్క రాయని వాళ్ళకి ఆ ఫోటోలో ఓ మూల పడున్న తమ కిరీటం కనిపించింది. అది పంపు కాదట, వారసత్వ సంపదట, దాన్ని కోసినవాడు ఎవడని అడిగారు. ఒక పెద్దమనిషి వచ్చి, మిగిలిన కిరీటం ముక్కని ముఖమల్ పెట్టెలో పెట్టుకుని ఓడలో తీసుకెళ్ళాడు. తర్వాత వాళ్ళ మ్యూజియం పుస్తకంలో దాని బొమ్మ చూశాను. కింద "స్థానికుల అజాగ్రత్త వల్ల ధ్వంసమైన మా నీటి పథకం" అని ఉంది. వాళ్ళు ఊడదీసుకెళ్ళిన ఇత్తడి పిడులు కూడా ఆ మ్యూజియంలోనే ఏదో తలుపుకి ఉండి ఉంటాయి.

పెద్ద ఇంజినీరు అందరినీ సంతోషపెట్టాలి కదా. మావయ్యని మీటర్లు చదివే సెక్షనుకి బదిలీ చేశాడు. ఆ ఉత్తర్వు టైపు చేయనని నేను లేచి వెళ్ళిపోయాను. ఇంకొకరు చేశారు. కానీ ఆ కప్లింగు రబ్బరు ముక్కలు నెలకోసారి మార్చాలి, ఆ సంగతి ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. అందుకని నెలకోసారి ఆయన్ని సందర్శకుడి పాసు మీద లోపలికి రానిచ్చేవారు. ఆయన పలకల గురించి బాధపడలేదు, మెమో గురించి బాధపడలేదు. ఆ పాసే ఆయన్ని కోసింది. మొదటిసారి వెళ్ళొచ్చిన రోజు అత్తయ్యతో అన్నాడు.

"ఎవర్ని కలవడానికి వచ్చారు అని గడి ఉంది. ముప్ఫై ఏడేళ్ళు పనిచేసిన చోట. పంపుని, అని రాశాను."

అత్తయ్య లేచి వెళ్ళి ఆయన చొక్కా అందుకుని, కాలరు మీద గ్రీజు మరక రుద్దుతూ కూర్చుంది.

రెండో ఏటికి నేను టైపు మిషను వదిలి పంపుహౌసులో సహాయకురాలి పనికి అర్జీ పెట్టుకున్నాను. ఆడవాళ్ళకి అక్కడ గది లేదన్నారు. గది అక్కర్లేదు, పంపుంటే చాలన్నాను. మావయ్య రిటైరయ్యేలోగా సందర్శకుడి పాసు మీదే వచ్చి నాకు వినడం నేర్పాడు. మొదట్లో నాకు ఒట్టి హోరు వినిపించేది. ఆరు నెలలకి బేరింగు వినిపించింది.

ఆయన రిటైరైన ఏడాదికి లోకం మళ్ళీ మారింది. పడమటివాళ్ళూ తూర్పువాళ్ళూ ఇంకా కళ్ళెర్ర చేసుకుంటూనే ఉన్నారు గానీ, ఇప్పుడు బల్ల చుట్టూ కుర్చీలు ఎక్కువయ్యాయి. నాలుగో దేశం ఒకటి వచ్చింది. నిన్నటిదాకా వాళ్ళూ మాలాగే చెయ్యెత్తినవాళ్ళే. మీ కష్టం మాకు తెలుసు, మనం అన్నదమ్ములం అన్నారు. ఊరంతటికీ కొత్త పంపులట, మనుషులే అక్కర్లేదట, అన్నీ తెర మీదే నడుస్తాయట. బోర్డు హాల్లో సమావేశం పెట్టి, మర్యాదకి మావయ్యని కూడా పిలిచి మూడో వరసలో కూర్చోబెట్టారు. అత్తయ్య కూడా వచ్చింది, అటునుంచి అటే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలని.

గంటసేపు తెర మీద నీలం గీతలు అటూ ఇటూ పరిగెత్తాయి. చివర్లో ఎవరికైనా సందేహాలున్నాయా అన్నారు. మావయ్య లేచాడు.

"దీన్ని ఆపాలంటే స్విచ్చి ఎక్కడుంటుంది?"

వాళ్ళ ప్రతినిధి చాలా సంతోషించాడు. అది తమ రాజధానిలో, తమ కేంద్రంలో, ఇరవై నాలుగు గంటలూ కాపలాతో ఎంతో భద్రంగా ఉంటుంది, మీరు దాని గురించి దిగులు పడక్కర్లేదన్నాడు. ముందు వరసలో పెద్ద ఇంజినీరు చప్పట్లు కొట్టాడు.

మావయ్య కృతజ్ఞతలు చెప్పి, గోడవారన ఉన్న గొడుగు తీసుకుని, అత్తయ్యతో కలిసి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆవిడకి కుడి కంట్లో శుక్లం ఉందని తేలింది. ఆ వారంలోనే ఆపరేషను చేశారు. శుభ్రమైన దుప్పటి వేశారా లేదా అని మంచమెక్కే ముందు ఆవిడ తడిమి చూసుకుందట.